ప్రేమ్‌సింగ్ పిండి

మహబూబాబాద్‌లో ఏ ఎరువుల దుకాణానికైనా పోయి ఇప్ప పిండి ఉందా అని అడగండి. కొట్టాయన ఒక్క క్షణం తెల్లమొహం వేస్తాడు. ప్రేమ్‌సింగ్ పిండి అనండి, లోపలి నుంచి బస్తా ఈడ్చుకొచ్చి మీ కాళ్ల దగ్గర పడేస్తాడు. ఇప్ప గింజల్లోంచి నూనె పిండుకోగా మిగిలే పిప్పి అది. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు చల్లితే ఉన్న చేపలన్నీ చచ్చి తేలతాయి. కొన్నాళ్లకు విషం విరిగి అదే ఎరువవుతుంది. అప్పుడు వానలు పడగానే బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని తెచ్చి వదులుతారు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా చేపలమీద బతికే ప్రతి మనిషికీ ఈ పద్ధతి కంఠతా వచ్చు.

ఆ ప్రేమ్‌సింగ్ ఇంకా బతికే ఉన్నాడనీ, రిటైరై జనగామలో ఉంటున్నాడనీ మాత్రం చాలామందికి తెలియదు. ఒకసారి ఆయన దుకాణంలో నిలబడి గులాబీ మొక్కలకు మందు కొనుక్కుంటుంటే, పక్కన బస్తా ఎత్తుకుంటున్న మనిషి దానిమీద పేరు చూసి, "మంచోడట పాపం. ఇప్పుడు ఏ లోకంల ఉన్నడో" అన్నాడు. ప్రేమ్‌సింగ్ చిల్లర తీసుకుని బయటికొచ్చాడు. ఇంటికొచ్చి భార్య పుష్పకు చెబితే ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆయనా నవ్వాడు. అది పరక చేపల సంగతి బయటపడకముందు. ఆ తర్వాత ఆ పేరు ఎవరి నోట విన్నా ఆయనకు నవ్వు రాలేదు.

గంగారం అడవి అంచున ఒక తండాలో జాల్యాకూ మంగ్లీకీ పెద్ద కొడుకుగా పుట్టాడు ప్రేమ్‌సింగ్. ఆయన వెనక తమ్ముడు అమర్, ఆ తర్వాత చెల్లెలు కమ్లీ. ఎండాకాలం వాగు ఎండి అక్కడొకటి ఇక్కడొకటి మడుగులు మిగిలేవి. తండావాళ్లు ఇప్ప పిప్పిని రోట్లో దంచి, మడుగులో కలిపి, తేలిన చేపల్ని గంపలకెత్తేవాళ్లు. పరకలు, జెల్లలు, బొటనవేలంత కొర్రమట్టలు. అన్నింట్లోకీ రుచి ఎర్రగీత పరకది. వేలెడంత చేప, పక్కన దారం కుట్టినట్టు ఎర్రటి గీత. పిల్లలందరూ ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు పరుగెత్తేవాళ్లు. కానీ పైన బండల చాటున ఉన్న మడుగు దగ్గరికి వచ్చేసరికి జాల్యా కట్టె అడ్డం పెట్టేవాడు.

"గది ఇత్తునం మడుగు. అండ్ల చెయ్యి పెట్టినోని చెయ్యి ఇరుగుతది" అనేవాడు.

విత్తనపు వడ్లు వండుకు తినే రైతు ఉండడు కదా, ఇదీ అంతే. వాన పడగానే ఆ మడుగు చేపలే కిందికి దిగి వాగంతా, కుంటంతా, పొలాల కాలువలంతా నిండేవి. ఇది ప్రేమ్‌సింగ్‌కు తెలియని విషయం కాదు. తెలియకపోయి ఉంటే ఆయన గురించి ఇంత చెప్పుకోవలసిన పనీ ఉండేది కాదు.

హాస్టల్లో ఉండి మహబూబాబాద్‌లో చదివాడు, వరంగల్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాడు. తండాలో మొదటి ఎమ్మెస్సీ. హైదరాబాద్ శివారులో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు, చేతిలో గాజుగొట్టం. ఊళ్లో ఫొటో చూపిస్తే మంగ్లీ ‘నా కొడుకు దవాఖానల డాక్టర్’ అని చెప్పుకుంది. ఆయన చేసే పని, ఫ్యాక్టరీ వెనక కాలువలో నీళ్లు పరీక్షించడం. ఒకరోజు ఆ కాలువ పోయి కలిసే చెరువులో చేపలు తెల్లగా తేలాయి. నీళ్లు బాగానే ఉన్నాయని కాగితం రాసిమ్మన్నారు. ఆయన రాయలేదు, ఉద్యోగం వదిలేశాడు. ఆ చెరువుగట్టు మీద కూర్చుని ఏడుస్తున్న బెస్తవాళ్లను చూసి, నా చదువు వీళ్లకు పనికొస్తే చాలనుకున్నాడట. ఆ మాట నిజం. అబద్ధమాడే మనిషి కాదాయన. జీవితంలో ఆడిన అబద్ధాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటే కొంప ముంచింది.

చేపల పరిశోధన కేంద్రంలో నీళ్ల పరీక్షలకు చేరాడు. కొలువు చేస్తూనే చేపలమీద డాక్టరేటు చేశాడు. తండాకు పోతే వరసైనవాళ్లు ఆటపట్టించేవాళ్లు: "ఏం డాక్టరూ, శాపకు సూది యాడ గుచ్చుతవ్? జొరమొస్తే దగ్గుతదా?" అని. మంగ్లీకి మాత్రం మనుషుల డాక్టరు కాదని తెలిసి కొంచెం మనసు కష్టపడింది.

అప్పట్లో చేపల సంఘాలవాళ్లు వదిలిన చేపపిల్లలు చెరువులో బతికేవి కావు. ఉన్న చేపలు సగాన్ని మింగేవి, మిగతా సగానికి మేత దొరికేది కాదు. ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. మీటింగ్‌లో ప్రేమ్‌సింగ్ లేచి ఇప్ప పిండి సంగతి చెప్పాడు. రసాయనం మీద పట్టున్నవాడు, అందులో ఏ పదార్థం చేప మొప్పల్ని ఎలా పట్టేస్తుందో, ఎన్నాళ్లకు విరుగుతుందో బోర్డుమీద వేసి చూపించాడు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పెద్దసారు కళ్లజోడు పైకి తోసుకుని, "భలే ఉందయ్యా! ఎక్కడ పట్టావు ఈ ఆలోచన?" అన్నాడు.

మా తండాలో అనబోయాడు. నోటిదాకా వచ్చింది. కానీ చేరిన కొత్తలో ఆయన ‘శాప’ అన్నందుకు ఇదే గదిలో అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నెలలపాటు క్యాంటీన్‌లో ఆయన కనపడితే చాలు, శాపలు వచ్చాయిరా అనేవాళ్లు. ఆ నవ్వు చెవుల్లో ఇంకా ఉంది. "పుస్తకాల్లో చదివాను సార్" అన్నాడు.

పుస్తకంలో చదివానన్నాక ఇక ఇత్తునం మడుగు ఊసు ఎలా ఎత్తుతాడు? ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. పైగా ఒక్క మూల వదిలినా పాత చేపలు మళ్లీ పెరుగుతాయి, లెక్క తప్పుతుంది. అందుకని ప్రేమ్‌సింగ్ తండ్రి మాటను తలకిందులు చేశాడు. ఊరూరా శిక్షణ తరగతుల్లో, తన గొంతు తనకే ముద్దొచ్చేలా చెప్పేవాడు: "కలుపు శాప అన్నది ఉండొద్దు. ఒక్క మడుగు వదిలినా కథ మొదటికొస్తది!" అప్పటికి ఊళ్లలో శాప అనడానికి ఆయనకు భయం లేదు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

మొదటి చెరువు జనగామ దగ్గర. ఆ ఏడు వల లాగడానికి మనుషులు చాలలేదు. ఆ తర్వాత చిట్యాల, ఆ తర్వాత ఎన్ని చెరువులో. పెంకుటిళ్లు డాబాలయ్యాయి, ఆడపిల్లలు కాలేజీలకు పోయారు. ఇదంతా అబద్ధమని ఎవరూ అనలేరు, నేనూ అనను. సంఘాల ఆఫీసుల్లో ఆయన ఫొటోకు దండ వేశారు. దండ వేసింది చూసే కాబోలు జనం పోయాడనుకుంటున్నది. శాలువాలు ఎన్నొచ్చాయంటే పుష్ప వాటితో పరుపులకు గలేబులు కుట్టించింది.

కథ తిరిగింది నిరుడు ఎండాకాలంలో. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి కమ్లీ ఫోన్ చేసింది. ఆమె కూతురు అఖిల పురుడు పోసుకుని తల్లి దగ్గరే ఉంది.

"అన్నా, పిల్లకు పాలు పడుతలేవు. పసిది ఒకటే ఏడుపు. దవాఖానల గోళీలిచ్చిండ్రు గని, అవ్వ నాకు చేసినట్టు ఎర్రపరకల పులుసు పెడితే పడతయి. ఈడ అంగట్ల అన్ని పెద్ద శాపలే. నువ్వు శాపల డాక్టర్‌వి గద, జర పంపియ్యవా?"

బాలింతకు ఎర్రగీత పరకల పులుసు పెట్టడం వాళ్ల ఇళ్లలో ముత్తవ్వల నాటి ఆచారం. కమ్లీని కన్నప్పుడు మంగ్లీకి పరకలు పట్టుకొచ్చింది పిల్లవాడుగా ఉన్న ప్రేమ్‌సింగే. "గింత దానికి పరేషాన్ ఎందుకు చెల్లే? రేపే తెస్త" అన్నాడు. ఇన్నేళ్లలో చెల్లెలు నోరు తెరిచి ఆయన్ను అడిగింది ఇదొక్కటే.

జనగామ అంగడిలో లేవు. రెండు మూడు చెరువుల దగ్గర విచారించాడు, లేవు. పాత పరిచయం కదా అని కారు తీసుకుని చిట్యాల పోయాడు. అక్కడి సంఘం పెద్ద ఓదేలు ఆయన్ను చూసి ఉరికొచ్చి కాళ్లకు దండం పెట్టాడు, కుర్చీ తుడిచి వేశాడు.

"ఓదేలూ, ఎర్రపరకలు కొన్ని కావాలె" అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఓదేలు ముందు అయోమయంగా చూశాడు. తర్వాత ఏదో అర్థమైనట్టు నవ్వాడు. "పరీక్ష పెడుతున్నరా సార్? మీరు చెప్పినట్టే ఏటేటా సాఫ్ చేస్తున్నం. మా చెరువుల ఒక్క పరక చూపెట్టుండ్రి, నా మీసం తీసేస్త!"

"పరీక్ష గాదు ఓదేలూ. నిజంగనే కావాలె."

"ఊకోండ్రి సార్. నాకెరుక లేదా?" అని ఓదేలు మీసం దువ్వుకున్నాడు. వెళ్లేటప్పుడు కారు డిక్కీలో పెద్ద బొచ్చె చేప పెట్టించాడు. వద్దన్నా వినలేదు.

అక్కడి నుంచి మహదేవపూర్ పోయాడు. గోదావరి ఒడ్డున చేపలమ్మే ఆవిడ బుట్టలన్నీ తెరిచి చూపించి, "గవి కుంట శాపలు సారూ, గోదావరిల ఉండవు. మా అత్త ఉన్నప్పుడు ఊర్ల కాల్వలల్ల దొరికేటివట. ఇప్పుడేడియి?" అంది. తిరిగి వచ్చేదారిలో ప్రేమ్‌సింగ్ కారు ఒక తూము దగ్గర ఆపి, దిగి, కాలువలో మిగిలిన నీళ్లలోకి చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. అందులో ఏమీ కదల్లేదు. నీళ్లల్లో ఏముందో చూడడమే జీవితమంతా ఆయన పని. ఏమి లేదో చూడడం ఆరోజే మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ కాగితం మీద సంతకం పెట్టని మనిషి, అంతకు వెయ్యింతలు చేపల్ని తన నోటితో చంపించాడు. కమ్లీ మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇక మిగిలింది గంగారం. సొంత తండా. అడవిలోని కుంట ఇన్నేళ్లూ ఎవరి చేతిలోనూ పడలేదు. తమ్ముడు అమర్ చనిపోయాక అతని కొడుకు రాకేశ్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, తండావాళ్ల పేరున చేపల సంఘం పెట్టించి, కుంట సాధించాడు. తాతల కాలం నుంచి పరాయి చెరువుల గట్టున కూలి చేసినవాళ్లకు మొదటిసారి సొంతంగా ఒక నీళ్లచుక్క వచ్చింది. పెద్దబాపూ, నువ్వొచ్చి మొదలుపెట్టాలె అని రాకేశ్ చాన్నాళ్లుగా అడుగుతున్నాడు. ప్రేమ్‌సింగ్ వస్తున్నానని ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు.

తెల్లారి ఆయన సరాసరి కుంట దగ్గరికే పోయాడు. నీళ్లు బాగా తగ్గి, పైన వాగు దిగేచోట బండల చాటున జాల్యా కాపాడిన మడుగు, కింద ఇంకో మడుగుగా విడిపోయి ఉంది. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. కాసేపటికి కాళ్ల చుట్టూ ఏవో కితకితలు పెట్టాయి. వంగి చూశాడు. ఎర్రగీత పరకలు, గుంపుగా! ఆయన నోరు తెరుచుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు, ఒక్కడే. చాలా ఏళ్లుగా అంత ఆనందం ఎరగడు.

ఆ నవ్వు ముఖంమీద ఉండగానే డప్పులు వినిపించాయి. తండా అంతా వస్తోంది. ముందు రాకేశ్, చేతిలో పూలదండ. వెనక ట్రాక్టర్ మీద బస్తాలు. బస్తాలమీద పెద్ద అక్షరాలతో ఆయన పేరు.

దండ వేశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఇప్ప పిండి నింపిన గంప తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు.

"నీ చేతుల మీదికెళ్లి మొదటి గంప పడాలె పెద్దబాపూ. నీ కోసమే ఆపినం" అన్నాడు రాకేశ్.

ప్రేమ్‌సింగ్ గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "రాకేశూ, ఇది వద్దురా" అన్నాడు మెల్లగా.

డప్పు ఆగింది. రాకేశ్‌కు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ముఖం మాడిపోయింది. "జనగామోళ్లకు చెప్పినవ్, చిట్యాలోళ్లకు చెప్పినవ్. వాళ్లందరు బిల్డింగులు కట్టుకున్నరు. మన కుంట దగ్గరికి వచ్చేసరికి వద్దంటున్నవా? మేం బాగుపడొద్దా?"

ఉన్నమాట అన్నాడు పిల్లవాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ల ముఖాలు చూశాడు. వాళ్లంతా ఎవరో కాదు, చిన్ననాడు ఈ మడుగుల్లో తనతో గంపలెత్తినవాళ్లు.

"సరే. కింది మడుగుల పొయ్యుండ్రి. పైమడుగు మాత్రం వదలుండ్రి, గంతే" అన్నాడు.

"ఒక్క మడుగు వదిలినా కథ మొదటికొస్తది" అన్నాడు రాకేశ్. వెటకారం కాదు. పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "ట్రైనింగుల నువ్వు చెప్పిన మాటే గద. వీడియో నా ఫోన్ల గూడ ఉన్నది."

అప్పుడు ప్రేమ్‌సింగ్ ఆనాడు పెద్దసారు ముందు మింగేసిన మాట ఈనాడు బయటపెట్టాడు. "గది ఇత్తునం మడుగురా. మీ తాత జాల్యా చెప్పిండు. ఈ పిండి ఉపాయం నాది గాదు, మీ తాతలది. మడుగు వదిలిపెట్టుడు గూడ వాళ్లదే. నేను సగమే చెప్పిన."

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. రాకేశ్ వాళ్లను కసురుకుని, పెద్దాయన భుజంమీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాడు: "తాతకు సైన్స్ ఏం తెలుసు పెద్దబాపూ? నీ అసుంటి సైంటిస్ట్ గిట్ల మాట్లాడితే నవ్వుతరు."

ఆ నవ్వుకు భయపడే ప్రేమ్‌సింగ్ ఇంతదూరం వచ్చాడు. గంప తనే రాకేశ్ చేతికందించాడు. కోపంగా కాదు, ఓపిక లేక. "నాకు ఒక క్యాన్ ఇయ్యి బిడ్డా" అన్నాడు.

పిండి పడకముందే పైమడుగులో వంగి దోసిళ్లతో ఎర్రపరకలను పట్టాడు. డెబ్బైకి దగ్గరపడిన వేళ్లు, మాట వినలేదు. దొరికినవి పిడికెడు. క్యాన్‌లో నీళ్లు నింపి, మూత తీసిపెట్టి, కారులో ముందు సీటు మీద బెల్టు కట్టి కూర్చోబెట్టాడు. కమ్లీ ఇంటి వెనక సిమెంటు నీళ్లగోలెం ఉంది. అందులో ఉంచితే రేపు వానలకు ఎక్కడో ఒకచోట వదలొచ్చు. ఏ చెరువులో వదలాలో తోచలేదు. తెలిసిన చెరువులన్నీ తన పేరున్న పిండి పడ్డవే. తర్వాత చూద్దాం, ముందు బతకనియ్యి అనుకున్నాడు. బాలింత సంగతి ఆ క్షణాన పూర్తిగా మరిచాడు, ఇది చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను, చెబితే ఇంకో రకం అన్యాయం. వెనక డప్పు మళ్లీ మొదలైంది. ఆయన అద్దంలోకి చూడలేదు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. దారిలో ఆగి ఆగి క్యాన్‌లోకి చల్లనీళ్లు చిలకరించాడు, చేత్తో నీళ్లు కలబెట్టి గాలి పట్టించాడు. చేపల్ని ఎలా చంపాలో లోకానికి నేర్పినవాడు, ఎలా బతికించాలో కూడా తెలిసినవాడే. కమ్లీ గుమ్మం ముందు కారు ఆగేసరికి ఒక్కటి కూడా చావలేదు.

కమ్లీ ఎదురొచ్చి క్యాన్ అందుకుంది. లోపలికి చూసి అరిచినంత పని చేసింది. "ఎర్రపరకలు! పానంతోని ఉన్నయే తెచ్చినవా అన్నా! ఎన్నేండ్లాయె వీటిని చూసి!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవ్వ ఉంటే ఎంత మురుస్తుండె."

"కమ్లీ, ఆగు" అన్నాడు ప్రేమ్‌సింగ్. "గోలెంల... కొన్ని..."

"ఉన్నదే పిడికెడు, ఇగ అండ్ల కొన్నేంది?" అంటూ ఆమె అప్పటికే వాకిట్లో బూడిద పోసి, క్యాన్ వంచేసింది. పరకలు బూడిదలో ఎగిరెగిరిపడ్డాయి. లోపలి గదిలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, అఖిల జోకొడుతున్న గొంతు వినిపిస్తోంది. ఇవి ఆఖరివి అనే మాట ఆ ఏడుపు మీదుగా ఎలా చెప్పాలో ఏ చదువూ ఆయనకు నేర్పలేదు. అరుగుమీద కూలబడి చెల్లెలు చేపలు రుద్దుతుంటే చూశాడు. కమ్లీ చేతులు చకచకా ఆడుతున్నాయి, అచ్చం మంగ్లీ చేతుల్లాగే.

ఆయనకూ వడ్డించబోతే ఆకలి లేదన్నాడు. అఖిల గిన్నె అడుగు వేళ్లతో తుడుచుకుని మరీ తింది. కమ్లీ పక్కన కూర్చుని, ముల్లు చూసుకో ముల్లు చూసుకో అంటూ కూతురి నోటివంకే చూసింది. పొద్దుగూకే వేళకు పాలు పడ్డాయి. పులుసు వల్లనో, మాత్రల వల్లనో, తల్లికి కుదిరిన నిమ్మళం వల్లనో, కెమిస్టు కదా, ఇంకోరోజైతే లెక్కగట్టేవాడు. పసిదాని ఏడుపు ఆగింది. ఇల్లంతా కుదుటపడింది.

ప్రేమ్‌సింగ్ వెళ్లడానికి లేచాడు. గుమ్మం దగ్గర బిడ్డను ఒళ్లో వేసుకున్న అఖిల తలెత్తి, మొహమాటంగా నవ్వింది.

"మస్తుగున్నయి మామా. మిరుగం కార్తె నాడు అందరం శాపలు తింటం గద, గప్పుడు గూడ గివే తేవా?"

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. పసిదాని అరికాలు ఒకసారి ముట్టుకున్నాడు.

"తెస్త బిడ్డా" అన్నాడు.